తమ్ముడికి సదరంలో 30 శాతం వేసి పింఛను నోటీసు ఇచ్చారు: అప్పీల్‌కి ఎలా సిద్ధం కావాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 34 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు మొదలై 12 ఏళ్లయింది. ఎనిమిదేళ్లుగా సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చేది) మీద పింఛను వస్తోంది. రీవెరిఫికేషన్‌కి పిలిస్తే మీ అమ్మగారు తీసుకెళ్లారు. డాక్టరుగారు పేరేంటి, ఏ ఊరు, అన్నం తిన్నావా, రోజంతా ఏం చేస్తుంటావు అని నాలుగు ప్రశ్నలు అడిగి పంపేశారు. ఇప్పుడు 30 శాతమని కొత్త సర్టిఫికెట్ ఇచ్చారు. వెనకే నెలకు 6,000 పింఛనుకు అర్హత లేదని నోటీసు వచ్చింది. ‘మనిషి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంక వైకల్యం ఉందని ఎలా నిరూపించాలి’ అని అడిగారు.

నిరూపించవచ్చు. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో 19 ఏళ్లు సోషల్ వర్కర్‌గా పనిచేశాను. మా సొంత తమ్ముడిదీ ఇదే జబ్బు. వాడి పింఛను కూడా ఒకసారి ఆగిపోయింది, అప్పీల్ మీద మళ్లీ వచ్చింది. కాబట్టి కౌంటర్‌కి అటువైపూ ఇటువైపూ నిలబడి చూసిన విషయాలే చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు నోటీసు మీద తేదీ చూడండి. 2025 జనవరిలో మొదలైన రీవెరిఫికేషన్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన నోటీసుల్లో అప్పీల్‌కి 30 రోజులు గడువు పెట్టారు. పల్లెలో ఉన్నవాళ్లు ఎంపీడీవోకి, పట్టణంలో ఉన్నవాళ్లు మున్సిపల్ కమిషనర్‌కి అర్జీ పెట్టుకోవాలి. మీ చేతిలో ఉన్న నోటీసులో ఎన్ని రోజులని రాసి ఉంటే మీకు అదే లెక్క. కాగితాలన్నీ దొరికాక పెడదామని ఆగకండి. ముందు అర్జీ ఇచ్చేయండి, ‘మిగతా వైద్య పత్రాలు పరీక్ష రోజున సమర్పిస్తాను’ అని అందులోనే ఒక వాక్యం రాయండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. ‘ఇది పైనుంచి వచ్చిందమ్మా, మా చేతిలో ఏమీ లేదు’ అంటారు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ అర్జీ తీసుకోవడం మాత్రం వాళ్ల చేతిలో పనే. తీసుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రశీదు, అందినట్టు రుజువు దాచుకోండి. గడువులోపల ఇచ్చారని చూపించే కాగితం లేకపోతే తర్వాత చెప్పేవన్నీ కష్టమవుతాయి.

నోటీసులో కారణం ఏమని రాశారో కూడా చూడండి. వైకల్యం 40 శాతం (పింఛనుకి కావలసిన కనీస శాతం) కంటే తక్కువ అని రాయడం వేరు, తాత్కాలిక వైకల్యం అని రాయడం వేరు, సర్టిఫికెట్ గడువు తీరిందనడం వేరు. మానసిక జబ్బులకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్లే ఇస్తారు, గడువు తీరితే మళ్లీ పరీక్షకు వెళ్లి పొడిగించుకోవాలి. ఒక కారణానికి నోటీసు వస్తే ఇంకో కారణానికి జవాబు రాసిన అర్జీలు నేను చాలా చూశాను. సర్టిఫికెట్‌లో వైకల్యం ఏ రకమని రాశారో కూడా ఒకసారి చూసుకోండి. ‘మానసిక అనారోగ్యం’ వేరు, ‘బుద్ధిమాంద్యం’ వేరు. వికలాంగుల హక్కుల చట్టం ఈ రెండింటినీ విడివిడిగా లెక్కేసింది. మీ తమ్ముడికి ఐక్యూ పరీక్ష చేసి ‘తెలివి బాగానే ఉంది’ అని తేల్చి ఉంటే, ఆ పరీక్ష అతని జబ్బును కొలిచేది కాదని అర్జీలో రాయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ శాతం ఎలా వేస్తారో తెలిస్తే మీకు సగం భయం పోతుంది.

మానసిక అనారోగ్యానికి మన దేశంలో వాడే కొలబద్ద పేరు ఐడియాస్. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ పునరావాస కమిటీ దీన్ని తయారు చేసింది. ఇందులో నాలుగు విభాగాలున్నాయి. ఒకటి, తన పని తాను చూసుకోవడం: స్నానం, బట్టలు, తిండి, ఆరోగ్యం. రెండోది, మనుషులతో మెలగడం. మూడోది, ఎదుటివాళ్లు చెప్పింది అర్థం చేసుకోవడం, తనది చెప్పుకోవడం. నాలుగోది పని: ఉద్యోగమైనా, ఇంటి పనైనా, చదువైనా. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. ఇబ్బంది లేకపోతే 0, పూర్తిగా చేతకాకపోతే 4. వీటికి జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్న మార్కులు కలుపుతారు. రెండేళ్లలోపైతే 1, రెండు నుంచి ఐదేళ్లకు 2, ఆరు నుంచి పదేళ్లకు 3, పదేళ్లు దాటితే 4. అంతా కలిపి 20. మొత్తం 7 వస్తే 40 శాతం గీత దాటినట్టే. 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్ర వైకల్యం కింద లెక్క.

ఇప్పుడు మీ తమ్ముడి లెక్క చూడండి. జబ్బు 12 ఏళ్లది. పదేళ్లు దాటినందుకు 4 మార్కులు రావాలి. ఇంక నాలుగు విభాగాల్లోనూ కలిపి 3 వస్తే చాలు, 7 అవుతుంది. 12 ఏళ్లుగా పని చేయలేకపోతున్న మనిషికి ఒక్క ‘పని’ విభాగంలోనే 3 గానీ 4 గానీ రావాలి. మరి 30 శాతం ఎలా వచ్చింది? రెండే దారులు కనిపిస్తున్నాయి. జబ్బు 12 ఏళ్లదని ఆ రోజు కాగితం మీద చూపించి ఉండరు, అందుకని ఏళ్ల మార్కులు సరిగా పడి ఉండవు. లేదా నాలుగు విభాగాల గురించి ఎవరూ వివరంగా అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మీరు రాసినదాన్నిబట్టి రెండూ జరిగాయనిపిస్తోంది. అమ్మగారు ఆధార్ కార్డు, పాత సదరం సర్టిఫికెట్ మాత్రమే తీసుకెళ్లారన్నారు కదా.

ఆ మార్కుల షీట్ కాపీ అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం తన వైద్య రికార్డులు చూసుకునే హక్కు రోగికి ఉంది. మీ తమ్ముడి సంతకంతో ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఒక దరఖాస్తు ఇవ్వండి. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు, జవాబుకి 30 రోజులు పడుతుంది. అందుకే దానికోసం అప్పీల్‌ని ఆపొద్దంటున్నాను. అడిగినట్టు రశీదు ఉన్నా ఉపయోగమే. ఎందుకంటే ‘ఏ విభాగానికి ఎన్ని మార్కులు వేశారో చెప్పకుండా 30 శాతమన్నారు’ అని మీరు అర్జీలో రాయగలుగుతారు.

ఇక మీ అమ్మగారి సంగతి. డాక్టరుగారు ‘ఎలా ఉన్నాడమ్మా’ అంటే ‘బాగానే ఉన్నాడు బాబూ, మీ దయ’ అన్నారని రాశారు. ఆ మాటకు మీరు అమ్మని కోప్పడ్డారని కూడా రాశారు. దయచేసి కోప్పడకండి. మా అమ్మ కూడా అచ్చం అదే మాట అంది. మన ఇళ్లలో బిడ్డ గురించి నలుగురిలో అడిగితే ‘బాగానే ఉన్నాడు’ అనే అంటాం. బాగోలేదని చెప్పడం నోటికి రాదు. పైగా పన్నెండేళ్ల కిందట రాత్రిళ్లు అరుస్తూ, తలుపులు బాదుతూ, ఇంట్లోవాళ్లే విషం పెడుతున్నారని అన్నం ముట్టని కొడుకుని చూసిన తల్లికి, ఇప్పుడు మూలన కూర్చుని పెట్టింది తిని పడుకునే కొడుకు నిజంగానే బాగున్నట్టు కనిపిస్తాడు. అమ్మగారు అబద్ధం చెప్పలేదు. అప్పటితో పోల్చి చెప్పారు. సర్టిఫికెట్‌కి కావలసిన పోలిక వేరు. అదే వయసున్న, అదే వీధిలో ఉన్న ఇంకో మగవాడు రోజంతా చేసుకునే పనుల్లో మీ తమ్ముడు ఏవి చేయగలడు, ఏవి చేయలేడు అన్నదే అక్కడి ప్రశ్న.

ఈ జబ్బులో రెండు రకాల లక్షణాలుంటాయి. చెవిలో మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఒక రకం. ఇవి మందులకు చాలావరకు తగ్గుతాయి. రెండో రకం నిశ్శబ్దంగా ఉంటుంది. చొరవ పోతుంది, మాట తగ్గిపోతుంది, ముఖంలో భావం ఉండదు, ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టలేడు, మొదలుపెట్టినా మధ్యలో వదిలేస్తాడు. ఇవి మందులకు అంతగా లొంగవు. మనిషిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టేసేవి ఇవే. ఐదు నిమిషాల పరీక్షలో మొదటి రకం లేదని తెలుస్తుంది, రెండో రకం కనపడదు. ‘గోల చేయడం లేదు కదా’ అని రాసేస్తారు.

ఇంకో సంగతి ఉంది, మీరు పట్టించుకోవలసింది ఇదే. మీ తమ్ముడు శుభ్రంగా కనిపిస్తున్నాడంటే మీ అమ్మగారు స్నానం చేయిస్తున్నారు. మాత్రలు సమయానికి పడుతున్నాయంటే మీరు ఫోన్ చేసి గుర్తుచేస్తున్నారు. చిక్కిపోలేదంటే ఎవరో కంచంలో పెట్టి ఎదురుగా కూర్చుంటున్నారు. మీ ఇద్దరి చాకిరీ అతని వైకల్యాన్ని కప్పేస్తోంది. పరీక్ష గదిలో ఆ చాకిరీ కనపడదు, దాని ఫలితం మాత్రమే కనపడుతుంది. కాబట్టి మీ అప్పీల్‌లో రాయవలసింది అతని జబ్బు పేరు కంటే మీ ఇద్దరి రోజువారీ పని.

ఒక నోటుబుక్ తీసుకుని ఈ రాత్రి నుంచే రాయండి, కనీసం రెండు వారాలు. పెద్ద మాటలు వద్దు. ‘తన పని తాను చేసుకోలేడు’ అని రాస్తే అందరూ రాసేదే అనుకుని పక్కన పెడతారు. మా తమ్ముడి కోసం నేను రాసిన పేజీ ఇంచుమించు ఇలా ఉండేది:

‘ఆరింటికి లేపడం మొదలుపెడితే తొమ్మిదికి లేచాడు, అయిదుసార్లు లేపాల్సి వచ్చింది. బ్రష్ మీద పేస్ట్ వేసి చేతికిచ్చాను. స్నానానికి నీళ్లు తోడి, తలుపు బయట నిలబడి సబ్బు రుద్దుకో, తల తడుపుకో అని చెబుతూ ఉన్నాను. చెప్పకపోతే చెంబుడు నీళ్లు పోసుకుని వచ్చేస్తాడు. పాలప్యాకెట్ తెమ్మని యాభై రూపాయలిస్తే కొట్టుదాకా వెళ్లి, అక్కడ నలుగురు ఉన్నారని తిరిగొచ్చాడు. మేనమామ వస్తే లోపలి గదిలోకి వెళ్లి ఆయన వెళ్లేదాకా బయటికి రాలేదు. మధ్యాహ్నం మాత్రలు నోట్లో వేసుకున్నాడో లేదో నాలుక ఎత్తించి చూశాను. పోయిన నెల అమ్మకి జ్వరం వచ్చి మంచంలో ఉన్న ఆరు రోజులూ స్నానం లేదు, బట్టలు మార్చలేదు, రెండు రోజులు మాత్రలు వేసుకోలేదు.’

చివరి వాక్యం చూడండి. సాయం లేని రోజున ఏం జరిగిందో చెప్పే వాక్యం అది. అలాంటివి మీ ఇంట్లోనూ జరిగే ఉంటాయి. అమ్మగారు పెళ్లికి ఊరెళ్లిన రెండు రోజులు, మీరు పురుడు పోసుకున్న నెల, కరోనా అప్పుడు మందులు దొరకని వారం. అవి గుర్తుచేసుకుని తేదీలతో రాయండి. పని గురించి కూడా అలాగే. ‘ఉద్యోగం లేదు’ అని ఆపకండి. ఎక్కడెక్కడ చేరాడు, ఎన్ని రోజులున్నాడు, ఎందుకు మానేశాడు లేదా ఎందుకు తీసేశారు. మావాడు ఒక ఫ్యాన్సీ షాపులో పదకొండు రోజులు, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మూడు వారాలు పనిచేశాడు. ఆ ప్రెస్సు యజమాని చేత రెండు వాక్యాలు రాయించుకున్నాను: చెప్పిన పని మర్చిపోయి నిలబడిపోతున్నాడని, అందుకే మాన్పించానని. ఆ చిన్న కాగితాన్ని అప్పీల్ మీద మళ్లీ పరీక్షించిన వైద్య బోర్డులో డాక్టరుగారు రెండుసార్లు చదివారు.

మీరు రాసినదంతా నాలుగు విభాగాల కింద సర్ది, రెండు పేజీలకు కుదించి, అర్జీకి జత చేయండి. ఇరవై పేజీలు ఇస్తే ఎవరూ చదవరు. అర్జీ మాత్రం ఒక్క పేజీలో ఉండాలి. ఇలా రాయవచ్చు:

‘మా తమ్ముడు స్కిజోఫ్రీనియాతో 12 ఏళ్లుగా బాధపడుతూ చికిత్సలో ఉన్నాడు. ఫలానా తేదీన జరిగిన పరీక్షలో 30 శాతం వైకల్యం నమోదు చేశారు. ఆ రోజు జబ్బు మొదలైన ఏడాదికి సంబంధించిన రికార్డులను, ఇంట్లో అతనికి చేయవలసి వస్తున్న సాయాన్ని పరిశీలించలేదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షన్ ప్రకారం ఈ నిర్ణయంపై అప్పీల్ చేసుకుంటున్నాను. మానసిక వైద్య నిపుణులున్న వేరే బోర్డు చేత ఐడియాస్ స్కేలు ప్రకారం తిరిగి పరీక్ష చేయించమని, అతనికి రోజూ తోడుగా ఉండే మమ్మల్ని కూడా విచారించమని, అప్పీల్ తేలేవరకు పింఛను కొనసాగించమని కోరుతున్నాను.’

ఈ కోరికల్లో ఏదీ వదలకండి. ముఖ్యంగా ఆఖరిది. అడగకపోయినా కొనసాగిస్తారులే అనుకోవద్దు. ఆ చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను, ఎవరైనా ‘పిచ్చికి వికలాంగుల పింఛనేంటి’ అంటే జవాబు మీ దగ్గర ఉండాలి. మానసిక అనారోగ్యం 1995 చట్టంలోనే ఏడు వైకల్యాల్లో ఒకటి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 21 వైకల్యాలున్నాయి, అందులోనూ ఉంది. ఎవరి దయతోనో వస్తున్న డబ్బు కాదిది.

రికార్డుల విషయంలో కొంచెం ఓపిక కావాలి. మొట్టమొదట చూపించిన ఓపీ చీటీ ఎంత చిరిగిపోయినా వెతకండి. జబ్బు ఎప్పటిదో చెప్పే సాక్ష్యం అదే. ఇంట్లో దొరకకపోతే అప్పట్లో చూపించిన ఆసుపత్రి రికార్డు రూముకు వెళ్లి ఓపీ నంబరు గానీ, అడ్మిషన్ తేదీ గానీ చెప్పి అడగండి. విశాఖ మానసిక ఆసుపత్రిలోనో, హైదరాబాద్ ఎర్రగడ్డలోనో చేర్చి ఉంటే డిశ్చార్జి సమ్మరీ నకలు తీసుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించినా ఫర్వాలేదు, ఆయన లెటర్‌హెడ్ మీద ఏ ఏడాది నుంచి చూస్తున్నారో, ఏ మందులిచ్చారో, ఎన్నిసార్లు తిరగబెట్టిందో రాయించుకోండి. ‘స్కిజోఫ్రీనియా, చికిత్స తీసుకుంటున్నాడు’ అని ఒక్క లైన్ రాసిస్తే చాలదు. పని చేయగలడా లేదా, ఒంటరిగా ఉండగలడా లేదా అన్నది కూడా రాయమని మర్యాదగా అడగండి. చాలామంది డాక్టర్లు అడిగితే రాస్తారు.

మందుల చీటీలు కూడా తీసిపారేయకండి. క్లోజపైన్ వాడుతున్నాడని రాశారు. మామూలుగా వేరే రెండు మందులు సరిపడా వాడినా ఫలితం లేనప్పుడే ఆ మందు మొదలుపెడతారు. తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయిస్తారు. ఆ రక్తపరీక్ష రిపోర్టులు ఒక కట్టగా ఉంటాయి కదా, వాటిని వరసగా పెట్టి తీసుకెళ్లండి. జబ్బు ఎంత మొండిదో మీరు నోటితో చెప్పనక్కర్లేకుండా అవే చెబుతాయి.

ఇక పరీక్ష రోజు. మనవాళ్లు ఆసుపత్రికంటే ఇస్త్రీ చొక్కా వేసి, గడ్డం గీయించి, తలకి నూనె రాసి తీసుకెళ్తారు. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తున్నామన్న గౌరవం అది. ఈసారి మాత్రం మామూలు మంగళవారం నాడు ఇంట్లో ఎలా ఉంటాడో అలాగే తీసుకెళ్లండి. మురికిగా తీసుకెళ్లమని కాదు, ప్రత్యేకంగా తయారుచేయవద్దని. అమ్మగారితోపాటు మీరు తప్పకుండా వెళ్లండి. అమ్మ మాట్లాడలేని చోట మీరు మాట్లాడాలి. గదిలోకి వెళ్లగానే మీ రెండు పేజీలు డాక్టరుగారి బల్లమీద పెట్టి, ‘సర్, తను ఎదురుగా ఉండగా చెప్పలేను, ఇందులో రాశాను, ఒక్క నిమిషం చూడండి’ అనండి. ఇది చాలా అవసరం. తన గురించి ‘స్నానం కూడా చేయలేడు’ అని అక్క నలుగురిలో చెబుతుంటే వినడం ఏ మగపిల్లాడికైనా నరకం. మావాడు ఆ రోజు ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత నేను ఎప్పుడూ నోటితో చెప్పలేదు, కాగితమే ఇచ్చాను.

మీ తమ్ముడికి ముందే చెప్పండి, ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకో. ‘నీకు ఏం కష్టమో అడుగుతారు, ఉన్నది చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు’ అంతే. జవాబులు బట్టీ పట్టించవద్దు. డాక్టర్లకు తెలిసిపోతుంది, అతనికి టెన్షన్ పెరుగుతుంది. డాక్టరుగారు ‘రోజంతా ఏం చేస్తావు’ అంటే ‘టీవీ చూస్తాను’ అంటాడు. అది విని టీవీ చూడగలుగుతున్నాడని రాసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మీరు కలగజేసుకుని, ‘టీవీ ముందు కూర్చుంటాడు సర్, ఏం చూశావని అడిగితే చెప్పలేడు’ అని ఉన్న మాట చెప్పండి.

ఒక హెచ్చరిక. పరీక్షకి వారం ముందు మాత్రలు ఆపేస్తే జబ్బు కనిపిస్తుందని సలహా ఇచ్చేవాళ్లు మీకు తప్పకుండా ఎదురవుతారు. ఆ పని పొరపాటున కూడా చేయవద్దు. క్లోజపైన్ హఠాత్తుగా ఆపితే జబ్బు విపరీతంగా తిరగబడుతుంది. పైగా రెండు రోజులకు మించి ఆగితే మళ్లీ చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఒక కుర్రాణ్ణి ఇలా మాత్రలు ఆపి సదరం పరీక్ష క్యాంపుకి తెచ్చారు. సర్టిఫికెట్ వచ్చింది, కానీ ఆ అబ్బాయి మళ్లీ మామూలు మనిషి కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆ తల్లి మా ఓపీకి వస్తూ ఉండేది, ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఏజెంట్లకు డబ్బులిచ్చి శాతం పెంచుకోవడం కూడా అంతే. దొంగ సర్టిఫికెట్ల గొడవ వచ్చినప్పుడు ముందు నలిగేది మీలాంటి నిజమైన ఇళ్లే.

బైపోలార్ (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్ల గురించి ఒక మాట, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో వాళ్లూ ఉంటారు. ఆ జబ్బు వచ్చి పోతుంటుంది, పరీక్ష రోజున మనిషి నిక్షేపంగా ఉండవచ్చు. వాళ్లు గత రెండేళ్లలో ఏ నెలలో ఎన్ని రోజులు మంచం పట్టారో, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారో క్యాలెండర్ లాగా వేసి ఇవ్వాలి.

బోర్డు మళ్లీ 40 లోపే వేస్తే అక్కడితో ఆగనక్కర్లేదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పంపండి. 2016 చట్టం ఆ కమిషనర్‌కి విచారణ విషయంలో సివిల్ కోర్టుకుండే అధికారాలు ఇచ్చింది. కమిషనర్ సిఫార్సు చేస్తే సంబంధిత శాఖ ఏం చర్య తీసుకుందో మూడు నెలల్లో చెప్పాలి. చివరిది హైకోర్టులో రిట్. ‘మాకు లాయరు ఫీజులెక్కడివి’ అనకండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మానసిక రోగులకు, వికలాంగులకు ఉచిత న్యాయ సాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నా సలహా ఏమిటంటే, చివరిదాకా ఆగకుండా అప్పీల్ దశలోనే ఒకసారి అక్కడికి వెళ్లి అర్జీ చూపించుకోండి.

తెలంగాణలో ఉన్నవాళ్లకు అక్కడి చేయూత పింఛను 4,016. దానికీ సదరంలో 40 శాతమే గీత, సోమవారం కలెక్టరేట్ అర్జీలను అక్కడ ప్రజావాణి అంటారు. కొలిచే పద్ధతి, చట్టం అవే కాబట్టి పైన చెప్పినవి వాళ్లకూ పనికొస్తాయి.

మీ ఉత్తరంలో చివర ఒక వాక్యం ఉంది. నోటీసు సంగతి విన్నప్పటి నుంచి తమ్ముడు ‘నా వల్లే డబ్బులు పోయాయి’ అంటూ రాత్రిళ్లు పడుకోవడం లేదని. అప్పీల్ కంటే ముందు దీన్ని పట్టించుకోండి. నిద్ర తప్పడం ఈ జబ్బు తిరగబెట్టడానికి తొలి గుర్తు కావచ్చు. ఈ వారంలోనే అతని డాక్టరుకి చూపించండి. చచ్చిపోతాననో, ఎందుకు బతకాలనో అంటే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. పింఛను సంగతి అతని ముందు చర్చించకండి. ‘కాగితాలు సరిగా పెట్టలేదట, అక్క చూసుకుంటుంది’ అని అమ్మగారి చేత చెప్పించండి. అది నిజం కూడా. అతను చేసిన తప్పేమీ లేదు.

ఈ వారం డాక్టరుకి చూపించిన చీటీని కూడా, నిద్ర పట్టడం లేదని రాసి ఉంటుంది కాబట్టి, తేదీ కనిపించేలా జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి. మార్కుల షీట్ చేతికొస్తే నాలుగు విభాగాల్లో ఏదానికి ఎంత వేశారో నాకు రాయండి, బోర్డు రోజున ఏ విభాగం మీద ఎక్కువ మాట్లాడాలో కలిసి చూద్దాం.